ఒకే తేదీకి ఇన్ని ప్రేమలా?

రాయపూర్‌లోని శంకర్ నగర్‌లో ఫిబ్రవరి 14వ తేదీకి హక్కుదారులు ఎక్కువ. పూలు, గ్రీటింగ్ కార్డులు అమ్మేవాళ్లకు అది సీజన్. దగ్గర్లోని తెలీబాంధా చెరువు గట్టుకు (ఊరంతా దాన్ని మెరైన్ డ్రైవ్ అంటుంది) సాయంత్రం షికారుకొచ్చే కుర్రకారుకు వాలెంటైన్స్ డే. బడి పిల్లలకు మాతృ-పితృ పూజన దినం. 2024లో అయితే అదే రోజు వసంత పంచమి కూడా వచ్చింది. పొద్దున సరస్వతీ పూజ, ఆ తర్వాత అమ్మానాన్నలకు హారతి, సాయంత్రం గులాబీలు. ఇవి చాలవన్నట్టు ఆ ఏడాది ఆ తేదీ బుధవారం పడింది. అది క్రైస్తవుల విభూది బుధవారం. నుదుట బూడిద పెట్టుకుని, ఒక్కపూట భోజనంతో తపస్సు కాలం మొదలుపెట్టే రోజు.

ఇంత రద్దీలో వాలెంటైన్ గారు ఎక్కడున్నారు? రోమన్ కేథలిక్కుల సార్వత్రిక పండుగల పట్టికలో మాత్రం లేరు. ఆయన స్మరణను 1969లోనే అందులోంచి తీసేశారు. అమరవీరుల జాబితాలో పేరు ఇంకా ఉంది గానీ, పూజా క్యాలెండర్‌లో ఫిబ్రవరి 14 స్లావ్ ప్రజలకు లిపిని, ప్రార్థనలను వాళ్ల భాషలో అందించిన సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములది. తీసేయడానికి కారణం ప్రేమ మీద కోపం కాదు, ఆధారాల కొరత. మూడో శతాబ్దంలో రోమ్‌లో ప్రాణాలిచ్చిన గురువు ఒకరు, తెర్ని పట్టణపు బిషప్ ఒకరు, ఇద్దరి పేరూ వాలెంటైనే. ఇద్దరూ ఒకరేనా అన్నది కూడా తేలలేదు. సైనికులు పెళ్లి చేసుకోరాదని చక్రవర్తి శాసిస్తే ఆయన రహస్యంగా పెళ్లిళ్లు జరిపించాడన్న కథ అందరికీ తెలిసిందే. దానికి ఆ కాలపు సాక్ష్యం మాత్రం ఏదీ లేదు. ఆ రోజుకు ప్రేమతో ముడిపెట్టిన తొలి రాతల్లో పేరున్నది ఇంగ్లిష్ కవి చాసర్‌ది. పద్నాలుగో శతాబ్దం చివర్లో, ఆ రోజున పక్షులు జతను ఎంచుకుంటాయని ఆయన కల్పించాడు. అంటే ఈ పండుగ సాధువు కన్నా ఎక్కువగా కవికి రుణపడింది. ఆ తర్వాత కార్డుల కంపెనీలకు.

కాబట్టి 'ఇది క్రైస్తవుల పండుగ' అని కర్రలు పట్టుకొచ్చేవాళ్లూ, 'ఇది మా పండుగ కాదు' అని భుజాలు తడుముకునే చర్చి పెద్దలూ మాట్లాడుతున్నది చిరునామా గల్లంతైన మనిషి గురించే. కానీ శంకర్ నగర్‌లో ఆ రోజు తలెత్తే ప్రశ్న మాత్రం గల్లంతు కాలేదు. పిల్లల మీద తల్లిదండ్రుల హక్కు ఎంతవరకు? ఆ ప్రశ్న క్రైస్తవానికి పాతదే. జవాబు కూడా చాలా కాలం కిందటే రాసిపెట్టుకుంది. చిక్కంతా దాన్ని ఇప్పుడు బయటికి చెప్పడంలోనే.

మాతృ-పితృ పూజన దినం పుట్టుక ఈ ప్రశ్నలోంచే. 2007లో ఆశారామ్ బాపు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. వాలెంటైన్స్ డే యువతను చెడగొడుతోంది కనుక అదే రోజున పిల్లలు తల్లిదండ్రులకు బొట్టు పెట్టి, దండ వేసి, హారతిచ్చి, చుట్టూ ప్రదక్షిణ చెయ్యాలన్నది ఆయన సూచన. 2012లో రమణ్ సింగ్ ప్రభుత్వం దాన్ని ఛత్తీస్‌గఢ్ బడులకు తెచ్చింది. మరుసటి ఏడాది ఆశారామ్ లైంగిక దాడి కేసులో అరెస్టయ్యారు. 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. కర్త జైలుకు వెళ్లినా కార్యక్రమం ఆగలేదు. ప్రభుత్వాలు మారి, 2023 చివర్లో బీజేపీ మళ్లీ గద్దెనెక్కాక, 2024 ఫిబ్రవరిలో విష్ణుదేవ్ సాయి ప్రభుత్వం దాన్ని బడుల్లో జరపాలని మళ్లీ చెప్పింది. (ఆ తేదీకి పోటీ పెట్టాలన్న ఉబలాటం ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు. 2023లో కేంద్ర జంతు సంక్షేమ బోర్డు ఆ రోజున ఆవును కౌగిలించుకోమంది. దేశమంతా నవ్వేసరికి నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకుంది.)

పిల్లలు ఏం చదవాలో చూసే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి కార్యాలయం శంకర్ నగర్‌లోనే, బీటీఐ ప్రాంగణంలో ఉంది. ఆ పేటకు ఆ పేరుండటంలో ఒక తమాషా ఉంది. శంకరుడంటే మన్మథుణ్ని మూడో కంటితో బూడిద చేసినవాడు. ప్రేమికుల రోజును వ్యతిరేకించేవాళ్లకు ఇంతకు మించిన ఇలవేల్పు దొరకడు అనిపిస్తుంది. కానీ కథ అక్కడ ఆగదు. పార్వతి పంతం పట్టి, తపస్సు చేసి కోరి చేసుకున్నవాడు ఆయనే. అంతకు ముందు సతి తండ్రి ఇష్టానికి ఎదురు నిలిచి కట్టుకున్నవాడూ ఆయనే. అల్లుడు నచ్చని దక్షుడు ఏం చేశాడో, ఆ యజ్ఞం ఏమైందో తెలుగు ఇళ్లలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. పూజన దినానికి ఆదర్శంగా చూపేది వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసిన కథ. ఆ పిల్లవాడు చుట్టి వచ్చిన తల్లిదండ్రులు ఎలా ఒకటయ్యారో ఎవరూ గుర్తు చేయరు.

ఇక క్రైస్తవ కుటుంబానికి ఆ హారతి పళ్లెం దగ్గర వచ్చే ఇబ్బంది వేరు. తల్లిదండ్రుల్ని గౌరవించడంలో వాళ్లకు అభ్యంతరం ఉండే ప్రశ్నే లేదు. పది ఆజ్ఞల్లో అది ఒకటి. కేథలిక్కులు, లూథరన్ల లెక్కలో నాలుగోది, బాప్టిస్టుల లెక్కలో అయిదోది. తెలుగు బైబిల్ అక్కడ వాడిన మాట సన్మానించడం. హీబ్రూలో ఆ క్రియకు మూలార్థం బరువు ఇవ్వడం. అంటే వాళ్ల మాటను తేలిగ్గా తీసుకోకపోవడం, ముసలితనంలో వాళ్లను భారంగా చూడకపోవడం. కానీ సన్మానం వేరు, పూజ వేరు. పూజ దేవుడికొక్కడికే అన్నది అదే పలకల మీద అంతకు ముందున్న ఆజ్ఞ. బడిలో పదేళ్ల పిల్ల పళ్లెం పట్టుకుని నిలబడితే ఈ తేడా ఎవరు వివరించాలి? పిల్ల హారతి ఇస్తే చర్చిలో మాట పడాలి, ఇవ్వకపోతే బడిలో.

చర్చికి ఇది కొత్త తగాదా కూడా కాదు. చైనాలో క్రైస్తవులు పూర్వీకుల ముందు మోకరిల్లవచ్చా అన్న వివాదం వందేళ్లకు పైగా నడిచింది. 1742లో రోమ్ కూడదని తేల్చింది. 1939లో అది మతాచారం కాదు, మర్యాద అని ఒప్పుకుంది. మన దక్షిణాదిలోనూ అంతే. మధురైలో రాబర్ట్ డి నొబిలి శిష్యులు పిలక, జంధ్యం, గంధం ఉంచుకోవచ్చని 1623లో అనుమతి దొరికింది. పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగు సీమకు వచ్చిన ఫ్రెంచి జెసూట్ల కర్నాటక మిషన్ కూడా సన్యాసుల వేషంలోనే తిరిగింది. 1744లో పోప్ ఆ ఆచారాల మీద గట్టి ఆంక్షలు పెట్టారు. వాటికి కట్టుబడతామని మిషనరీలు చేయాల్సిన ప్రమాణం 1940 దాకా ఎత్తెయ్యలేదు. మర్యాద ఎక్కడ ముగిసి ఆరాధన ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోవడానికి రోమ్‌కే రెండు వందల ఏళ్లు పట్టిందన్నమాట. ఒక సర్క్యులర్‌తో అది తేలిపోవాలనుకోవడం అత్యాశ.

చట్టం సంగతి కాస్త స్పష్టంగానే ఉంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే మిగతా సంస్థల్లో కూడా ఎవరినీ అంగీకారం లేకుండా మతపరమైన ఆరాధనలో పాల్గొనమనరాదు. విద్యార్థి మైనరైతే ఆ అంగీకారం సంరక్షకుడిది. 1986లో బిజో ఎమ్మాన్యుయేల్ కేసులో, జాతీయగీతం పాడుతుంటే లేచి నిలబడి కూడా విశ్వాసం కారణంగా గొంతు కలపని ముగ్గురు కేరళ పిల్లల్ని బడి నుంచి తీసేయడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కోర్టు దాకా వెళ్లే ఓపిక ఎవరికుంది? 2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో క్రైస్తవులు రెండు శాతం లోపే, సుమారు 4.9 లక్షల మంది. 1868లో జర్మన్ మిషనరీ ఆస్కర్ లోర్ బిశ్రాంపూర్‌లో సత్‌నామీల మధ్య పని మొదలుపెట్టిన నాటి నుంచీ ఉన్న సంఘాలివి. అయినా అనుమానితుల్లా బతుకుతున్నాయి. 2025 జూలైలో దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు కేరళ సన్యాసినులను మానవ అక్రమ రవాణా, మతమార్పిడి ఆరోపణల మీద అరెస్టు చేశారు. బెయిలు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అదే ఏడాది డిసెంబర్ 24న, బంద్ సందర్భంగా, రాయపూర్‌లోని మాగ్నెటో మాల్‌లో క్రిస్మస్ అలంకరణలను ఒక గుంపు ధ్వంసం చేసింది. క్రిస్మస్ చెట్టుకే దిక్కులేని చోట వాలెంటైన్‌ను వెనకేసుకు రావాలని ఏ ఫాదరూ, ఏ పాస్టరూ అనుకోడు.

అనుకోకపోవడానికి భయం ఒక్కటే కారణం అంటే మాత్రం అబద్ధమవుతుంది. ప్రేమికుల రోజంటే చర్చికి నిజంగానే పడదు. రైలు పనుల వల్ల, భిలాయి ఉక్కు కర్మాగారం వల్ల ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో క్రైస్తవులూ ఉన్నారు. అక్కడి తెలుగు ప్రసంగమైనా, గుంటూరులో వినేదైనా ఈ విషయంలో ఒకటే. అది లోకసంబంధమైన పండుగ. యువత దూరంగా ఉండాలి. చాలా సంఘాలు ఆ వారంలో 'నిజమైన ప్రేమ' అనే అంశంతో యూత్ మీటింగులు పెడతాయి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని 13వ అధ్యాయం చదువుతారు. ప్రేమ ఓర్చుకుంటుంది, డప్పు కొట్టుకోదు, లెక్కలు పెట్టుకోదు అని చెప్పే ఆ అధ్యాయం పెళ్లిళ్లలోనూ చదువుతారు. నిజానికి పౌలు రాసింది పెళ్లి గురించి కాదు. వరాల గొప్పల కోసం కొట్లాడుకుంటున్న ఒక సంఘానికి చీవాట్లు పెడుతూ రాశాడు. పైగా గ్రీకు మూలంలో ఉన్న అగాపె అనే మాట, స్త్రీపురుషుల ఆకర్షణను చెప్పే ఎరోస్ వేర్వేరు. తెలుగులో రెంటికీ మనకున్నది ప్రేమ ఒక్కటే.

ఎరోస్‌ను తిట్టి అగాపెను పొగడటం ప్రసంగీకులకు తేలిక. కానీ పెద్ద వేదాంతులు ఆ తేలిక దారి పట్టలేదు. సంప్రదాయవాదిగా పేరుపడ్డ పోప్ బెనెడిక్ట్ 16 తన మొదటి లేఖను ప్రేమ గురించే రాశారు. 2006 జనవరిలో విడుదలైన ఆ లేఖ, క్రైస్తవం ఎరోస్‌కు విషం పెట్టిందన్న నీషే నిందను ముందు పెట్టుకుని మొదలవుతుంది. ఆకర్షణను చంపెయ్యక్కర్లేదు, అది పాకానికొచ్చి ఎదుటివాళ్ల మేలు కోరే ప్రేమగా మారాలి అన్నది అందులో సారం. ఆయన తర్వాతి పోప్ ఫ్రాన్సిస్ 2014 ఫిబ్రవరి 14న నిశ్చితార్థమైన జంటల్ని వేల సంఖ్యలో సెయింట్ పీటర్స్ చౌకుకే పిలిచి మాట్లాడారు. బైబిల్లో పరమగీతము అనే పుస్తకం ఉండనే ఉంది. ఒక యువకుడూ యువతీ ఒకరి అందం ఒకరు వర్ణించుకునే కావ్యం. యూత్ మీటింగుల్లో దాని జోలికి ఎంతమంది పోతారన్నది వేరే సంగతి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పెళ్లి ఎవరి నిర్ణయం? ఆదికాండం రెండో అధ్యాయంలోనే పురుషుడు తల్లిదండ్రుల్ని విడిచి భార్యను హత్తుకుంటాడని ఉంది. సన్మానించమన్న గ్రంథమే విడవమనీ అంటోంది. ఈ రెంటి మధ్య పీటముడి 1563లో ట్రెంట్ మహాసభ ముందుకొచ్చింది. ఫ్రాన్స్ రాజప్రతినిధులు తల్లిదండ్రుల అనుమతి లేని పెళ్లి చెల్లదని శాసించాలని ఒత్తిడి తెచ్చారు. ఆస్తులు, వంశాలు వాళ్ల బెంగ. సభ ఒప్పుకోలేదు. అలాంటి పెళ్లిళ్లు చర్చికి గిట్టవు అంటూనే, పెద్దల అనుమతి లేదన్న కారణంతో అవి చెల్లవనేవాళ్లను ఖండించింది. పెళ్లిని చేసేది ఆ ఇద్దరి స్వేచ్ఛా సమ్మతి. రహస్యం కూడదు కనుక ముందుగా మూడుసార్లు గుడిలో ప్రకటన చదవాలి, గురువు, సాక్షులు ఉండాలి. అంతే. బలవంతంతోనో భయంతోనో జరిగిన పెళ్లి చెల్లదని నేటి కేథలిక్ ధర్మశాస్త్రం కూడా చెబుతోంది.

ప్రొటెస్టెంట్ల వైపు మార్టిన్ లూథర్ తల్లిదండ్రులకు కాస్త ఎక్కువ చోటిచ్చాడు. 1524లో ఆయన రాసిన చిన్న పుస్తకం పేరులోనే తీర్పు మొత్తం ఉంది. తల్లిదండ్రులు పిల్లల పెళ్లికి బలవంతపెట్టనూ కూడదు, అడ్డుపడనూ కూడదు. పిల్లలు వాళ్లకు చెప్పకుండా మాట ఇచ్చుకోనూ కూడదు. మరుసటి ఏడాదే మఠం నుంచి తప్పించుకొచ్చిన సన్యాసిని కథరీనాను ఆయన పెళ్లాడాడు. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరుకు తెచ్చింది ఈ లూథర్ సంప్రదాయాన్నే. మరి మూడు సగాల ఆ తీర్పులో మన గుళ్లలో వినిపించేది చివరి సగమే ఎందుకు?

కారణం కులం. తెలుగు క్రైస్తవుల్లో రెడ్డి కేథలిక్కులున్నారు, కమ్మ కేథలిక్కులున్నారు, మాల లూథరన్లు, మాదిగ బాప్టిస్టులు ఉన్నారు. ఒకే పాత్ర నుంచి ప్రభురాత్రి భోజనం తీసుకుంటారు. సంబంధం కలుపుకోవడానికి మాత్రం కులం చూస్తారు. మతం మారినా పెళ్లి ప్రకటనల్లో ఆ గడి ఖాళీగా ఉండదు. అందుకే ఆ ఇద్దరి సమ్మతి చాలన్న ట్రెంట్ మాట పులిపిట్ మీద నుంచి వినబడితే ముందు వరస బెంచీల్లో కదలిక వస్తుంది. అమ్మానాన్నల్ని పూజించండి అనే ప్రభుత్వ పండుగ క్రైస్తవ పెద్దలకు ఇబ్బందిగా ఉన్నది 'పూజ' దగ్గరే. దాని వెనకున్న ఉద్దేశంతో చాలామందికి పేచీ లేదు.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న హత్యకు గురైన పెరుమాళ్ల ప్రణయ్ దళిత క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన యువకుడు. వైశ్య కుటుంబానికి చెందిన అమ్మాయిని ఆ జనవరిలో పెళ్లి చేసుకున్నాడు. గర్భిణి అయిన భార్యను పరీక్షకు తీసుకెళ్లి ఆసుపత్రి నుంచి బయటికొస్తుండగా ఆమె కళ్లెదుటే నరికేశారు. సుపారీ ఇచ్చాడన్న అభియోగం అమ్మాయి తండ్రి మీద. విచారణ ముగియకముందే, 2020లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. హత్య జరిగిన రోజుల్లో ఆ తండ్రికి మద్దతుగా కూడా గొంతులు లేచాయి. కూతుర్ని పెంచినవాడి కడుపుకోత ఎవరికి తెలుసు అన్నది వాళ్ల వాదన. మేజర్లు ఇష్టమైనవాళ్లను పెళ్లాడవచ్చు, నచ్చకపోతే తల్లిదండ్రులు మాట్లాడటం మానెయ్యగలరే తప్ప బెదిరించడానికి లేదని లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2006లో. ట్రెంట్ సభ చెప్పినదానికి అది పెద్ద దూరం కాదు. రెండో సగం మాత్రం చర్చి పుస్తకంలోనూ, కోర్టు రికార్డులోనూ ఉండిపోయింది.

పెళ్లిని అడ్డుకోవడమే కాదు, బలవంతంగా చేసెయ్యడం కూడా ఫిబ్రవరి 14 కార్యక్రమాల్లో ఉంది. 2019లో హైదరాబాద్ శివారు మేడ్చల్ దగ్గర కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో కూర్చున్న జంటకు బజరంగ్ దళ్ కార్యకర్తలు అక్కడికక్కడే తాళి కట్టించి వీడియో తీశారు. పోలీసులు కేసు పెట్టారు. అందులో విచిత్రం గమనించాలి. పాశ్చాత్య పండుగ వద్దన్నవాళ్లు, సంస్కృతి పేరు చెప్పి, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా, ఆ ఇద్దరి సమ్మతీ లేకుండా పెళ్లి చేశారు. ఇలాంటి పెళ్లిని లూథర్ ఒప్పుకోడు, ట్రెంట్ ఒప్పుకోదు. దక్షుడు కూడా ఒప్పుకోడు.

రాయపూర్‌లో వేరు మతాల జంటకు ఇంకో గడప కూడా ఉంది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లంటే ముప్పై రోజుల నోటీసు, ఎవరైనా చదివి అభ్యంతరం చెప్పేలా. ఇద్దరిలో ఒకరు మతం మారదామంటే రాష్ట్ర మతస్వేచ్ఛ చట్టం పలకరిస్తుంది. మూడు ఆదివారాలు గుడిలో చదివే ప్రకటనకూ ఈ నోటీసుకూ చూపులకు పోలికుంది. రెండూ రహస్యాన్ని పోగొట్టేవే. గుడి ప్రకటన వినేది ఇరుగుపొరుగు. నోటీసు బోర్డు దగ్గర ఎవరు కాపు కాస్తారో చెప్పలేం.

2018లో తెలుగువాళ్ల మహాశివరాత్రి ఫిబ్రవరి 13న వచ్చింది, మర్నాడే విభూది బుధవారం. శంకరుడికి బూడిద పూసిన రాత్రి తెల్లారితే క్రైస్తవుల నుదుట బూడిద. ప్రేమికుల రోజని ఉపవాసం సడలించాలా అని ఆ ఏడాది అమెరికాలో చాలామంది తమ బిషప్పులను అడిగారు. కుదరదు, కావాలంటే ముందు రోజు మంగళవారం భోజనానికి తీసుకెళ్లండి అని జవాబొచ్చింది. 2024లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. మళ్లీ ఆ రెండూ కలిసేది 2029లో. ఆ బుధవారం శంకర్ నగర్ బడుల్లో హారతి పళ్లేలు ఉంటే, చర్చిలో బూడిద పెట్టించుకుని నేరుగా బడికొచ్చే పిల్ల కూడా ఆ వరుసలో నిలబడుతుంది.